గుర్రు పెట్టే డ్రైవరన్నలారా! స్టీరింగ్ పట్టే ముందు ఇది చదవండి!

లారీ, ట్యాంకర్, బస్సు, ఆటో డ్రైవర్లారా! క్లీనరు తమ్ముళ్లారా! ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మలారా, అక్కచెల్లెళ్లారా!

డాబా దగ్గర మంచం మీద ఒరిగీ ఒరగ్గానే గుర్రు మొదలవుతుంది. చూసినవాళ్లు "పాపం, ఒళ్లెరగని నిద్ర" అని జాలిపడతారు. ఆ గుర్రు ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు ఉలుకూ పలుకూ లేక, మళ్లీ ఒక్క ఉదుటున ఎగపోస్తూ మొదలైందా? అయితే ఆ మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. దీన్ని డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు.

నిద్రలో గొంతు కండరాలు అందరికీ సడలుతాయి. కొందరికి నాలుక వెనక దారి అసలే ఇరుకు. పాత హోస్ పైపుని గట్టిగా పీలిస్తే లోపలికి అతుక్కున్నట్టు, ఆ దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకు రెండు మూడింతలసేపు గాలి ఆడదు. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. లేచిన సంగతి పొద్దున గుర్తుండదు. ఇలా గంటకి 30 సార్లు దాటితే జబ్బు ముదిరినట్టు. అంటే రెండు నిమిషాలకోసారి! రాత్రంతా పడుకున్నా నిద్ర దక్కని మనిషి తెల్లారి బండెక్కుతున్నాడన్నమాట.

ఈ జబ్బున్న డ్రైవర్లకి ప్రమాదాల ముప్పు మిగతావాళ్ల కంటే రెండింతల పైనే అని పరిశోధనలు చెబుతున్నాయి. 2013 డిసెంబరు 1న న్యూయార్క్‌లో ఒక లోకల్ రైలు, గంటకి 30 మైళ్లకి మించకూడని మలుపులోకి 82 మైళ్ల వేగంతో దూసుకెళ్లి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. నడిపినతను తాగలేదు, ఫోను చూడలేదు. తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందని ప్రమాదం తర్వాతే బయటపడింది. అది పట్టాల మీద బండి. మనది సూర్యాపేట దాటాక తెల్లవారుజామున నాలుగింటికి, ఎదురుగా లైట్లు కళ్లలో పడే రోడ్డు.

ముప్పు ఎవరికి ఎక్కువ?

అన్నిటికంటే ముందు బరువు. గంటల తరబడి సీటులో కూర్చోవడం, అర్ధరాత్రి నూనె ఓడే కూర, పెరిగిన పొట్ట! ఆ కొవ్వు మెడ లోపల కూడా చేరి గొంతుని నొక్కుతుంది. అందుకే టైలరు టేపు తీసుకుని మెడ కొలవండి. మగవాళ్లకి 17 అంగుళాలు, ఆడవాళ్లకి 16 అంగుళాలు దాటితే అనుమానించాల్సిందే. చొక్కా పైగుండీ పట్టడం మానేసిందంటే అదీ ఒక గుర్తే.

నలభై దాటిన మగవాళ్లలో ఎక్కువ. ఆడవాళ్లకి రాదనుకోకండి, ముట్లు ఆగిపోయాక వాళ్లకీ ముప్పు పెరుగుతుంది. థైరాయిడ్ తక్కువున్నవాళ్లు, ఎప్పుడూ ముక్కు దిబ్బడతో ఉండేవాళ్లు, టాన్సిల్స్ వాచినవాళ్లు, ఇంట్లో నాన్నకో అన్నకో ఇదే జబ్బున్నవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. సన్నగా ఉన్నాను కదా అని ధీమా వద్దు. దవడ చిన్నదై గడ్డం వెనక్కి ఉన్నవాళ్లకి బక్కపలచగా ఉన్నా వస్తుంది.

ఇక క్వార్టరు సంగతి. "ఒక పెగ్గేస్తే నిద్ర బాగా పడుతుంది" అంటారు. పడుతుంది, కాదనం. కానీ మందు, నిద్రమాత్రలు సడలిన గొంతుని ఇంకా సడలిస్తాయి, ఊపిరి ఆగినప్పుడు లేపాల్సిన మెదడుని మొద్దుబారుస్తాయి. బీడీ, సిగరెట్టు గొంతు లోపల వాపు తెస్తాయి.

పగలు మాటిమాటికీ కునుకు, లేవగానే తలనొప్పి, రాత్రి రెండు మూడుసార్లు ఒంటికి లేవడం, మాత్రలు వేసినా దిగని బీపీ కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. వదిలేస్తే గుండెపోటుకీ పక్షవాతానికీ దారి తీస్తుంది. 'గ్యాంగ్ లీడర్' పాటలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూస్తే, కారణం స్లీప్ ఆప్నియా అని వైద్యులే చెప్పారు.

"నిద్ర పరీక్షకి వెళ్తే ఓనరు బండి దించేస్తాడు" అన్న భయం మాకు తెలుసు. వైద్యం ఉన్న జబ్బు ఇది. నిద్రలో ముక్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ దశాబ్దాలుగా వాడుకలో ఉంది. రోజూ సరిగా వాడితే పగటి మత్తు వదిలి మళ్లీ నిశ్చింతగా బండి నడుపుకోవచ్చు. జబ్బు తేలికపాటిదైతే బరువు తగ్గడం, తాగుడు మానడం, వెల్లకిలా కాక పక్కకి తిరిగి పడుకోవడం కూడా పనిచేస్తాయి. ఎంత ముదిరిందో పరీక్షే చెప్పాలి. టీ, గుట్కా, మొహాన నీళ్లు మాత్రం వైద్యం కావు.

ఓనర్లకీ, ట్రాన్స్‌పోర్టు కంపెనీలకీ, ఆర్టీసీ అధికారులకీ మా డిమాండు ఇదే: కంటి పరీక్ష శిబిరాలు పెడుతున్నారు, సంతోషం. అక్కడే మెడ కొలవండి, బీపీ చూడండి, గుర్రు గురించి అడగండి. అనుమానం ఉన్నవాళ్లకి మీ ఖర్చుతో నిద్ర పరీక్ష చేయించండి. జబ్బు బయటపడినవాడి ఉద్యోగం తీసెయ్యకండి. జబ్బు పేరు చెప్పి డ్యూటీ గంటల మాట దాటెయ్యాలని చూడకండి. రోజుకి 8 గంటలే పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది.

అమ్మలారా, క్లీనరు తమ్ముళ్లారా! ఊపిరి ఆగిన సంగతి పడుకున్నవాడికి తెలియదు, పక్కనున్న మీకే తెలుస్తుంది. ఈ రాత్రే ఫోనులో ఆ గుర్రు రికార్డు చెయ్యండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ వైద్యుడికో, చెవి-ముక్కు-గొంతు వైద్యుడికో వినిపించి, నిద్ర పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి.

చదివాక ఈ కాగితాన్ని పారెయ్యకండి. పక్క బండి డ్రైవరుకి ఇవ్వండి. అతనికి చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి.

— తోటి డ్రైవర్లు