రేవు వచ్చే ముందు ఊరి గుర్తులు రాసుకుందాం

శ్రీకాకుళం జిల్లాలో చారిత్రక స్థలాలు అనగానే ముందుగా తోచే పేర్లు శ్రీముఖలింగం, శాలిహుండం. రెండూ వంశధార ఒడ్డువే, రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే. టెక్కలి దాటి, నౌపడా మీదుగా భావనపాడు తీరానికి వచ్చేసరికి మాత్రం బోర్డులు కనిపించవు. ఇక్కడ చరిత్ర లేదా అంటే, ఉన్నది. అయితే అది చెక్కిన రాతిలో లేదు. ఉప్పు మడుల్లో, పాత రేవుల్లో, రైలు కట్టల మీద, రైతులు సభలు పెట్టుకున్న చోట్ల ఉన్నది. శిల్పం లేని చరిత్రను గుర్తించడం మన శాఖలకు ఇంకా అలవాటు కాలేదు.

నౌపడానే తీసుకుందాం. తెల్లవారి కాలంలో ప్రభుత్వానికి పన్ను సమకూర్చిన ఉప్పు కొఠార్లు ఇక్కడివి. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహపు వేడి వీటికీ తగిలింది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కడి నుంచే బయలుదేరింది. ఒక శతాబ్దం పైచిలుకు నడిచి, 2004లో పెద్ద లైను కోసం ఆగిపోయింది. కొంచెం ఉత్తరాన బారువ, దక్షిణాన కళింగపట్నం. ఓడలు ఆగిన ఆ రేవుల నుంచే మన ముత్తాతలు ‘రంగం’ వెళ్ళారు. రంగూను మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసి ఇళ్ళకు డబ్బు పంపారు. 1942లో ఎందరో కాలినడకన తిరిగివచ్చారు, ఎందరో దారిలోనే మిగిలిపోయారు. పలాసలో 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అదే సంవత్సరం మందస జమీందారీలో అడవి కలప కోసం రైతులు నిలబడినప్పుడు, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ బలి అయింది. ఇంత చరిత్ర ఉన్న తీరంలో పొరుగూరి పిల్లవాడికి ‘ఇదిగో ఇక్కడ’ అని చూపించడానికి ఎన్ని గుర్తులు మిగిలాయి?

ఈ ప్రశ్నకు ఇప్పుడు తొందర ఎందుకంటే, 2023 ఏప్రిల్ 19న మూలపేట వద్ద కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు దాన్ని భావనపాడు రేవు అనే పిలిచేవారు. విష్ణుచక్రం, మూలపేట గ్రామాల వారికి నౌపడా దగ్గర పునరావాసం అన్నారు. ఊరు కదిలేటప్పుడు అధికారులు ఇళ్ళు లెక్కపెడతారు, కొబ్బరి చెట్లు లెక్కపెడతారు. వాటికి వెల కట్టవచ్చు గనుక. గ్రామదేవత గుడి ముందరి అరుగు, పెద్దల సమాధులు, వల ఆరవేసే ఇసుక తిన్నె, తుపాను నాడు జనం తలదాచుకున్న పాత బడి ఏ పట్టికలోనికి ఎక్కుతాయి?

చట్టం లేదనుకోవద్దు. 2013 నాటి భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అనే అంకం ఉంది. ఊరి ఉమ్మడి ఆస్తులు, ఆరాధన స్థలాలు, శ్మశానాలు ఏమవుతాయో అందులో పరిశీలించాలని చట్టమే చెబుతున్నది. రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో సాంస్కృతిక కార్యకలాపాలు ఒకటి. రాష్ట్రానికి 1960 నాటి పురావస్తు చట్టం ఉండనే ఉంది. లోటు చట్టంలో లేదు. ‘ఇది మాకు ముఖ్యం’ అని ముందుగా రాసిపెట్టిన కాగితం ఊరి దగ్గర లేకపోవడమే లోటు.

ఆ కాగితానికి విలువ ఎంత అంటే హైదరాబాదును చూడాలి. అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ 1995లో వారసత్వ కట్టడాల కోసం ఒక నిబంధన తెచ్చి, జాబితా ప్రకటించింది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. అయినా 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయం కోర్టుకెక్కినప్పుడు, ఆ పాత జాబితానే వాదనకు ఆధారమయింది. హైకోర్టు నిర్ణయాన్ని కొట్టివేసింది. న్యూయార్కులోనూ ఇంతే. 1963లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషనును పడగొట్టడం మొదలుపెట్టాక గాని ఆ నగరానికి తెలివి రాలేదు. 1965లో నగరపాలక సంస్థే కట్టడాల రక్షణకు చట్టం చేసుకుంది. పోయిన స్టేషను తిరిగి రాలేదు. మనమూ ముందు పోగొట్టుకుని తరువాత నేర్చుకోవాలా?

ఒక అభ్యంతరం న్యాయమైనది. ఈ తీరపు మత్స్యకారులు బతుకుతెరువుకు గుజరాతు వీరావలు వెళుతున్నారు. 2018లో మన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. నాడు రంగం, నేడు వీరావలు. అటువంటి వారికి పని చూపించే రేవు వస్తుంటే పాత అరుగుల గొడవ ఎందుకు అంటారు. కేంద్ర రక్షణ ఉన్న కట్టడం చుట్టూ నూరు మీటర్ల లోపు కొత్త కట్టుబడి కూడదన్న నియమం చూసి ‘గుర్తింపు’ అనే మాటకే జనం జంకుతారు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే నేను కేంద్ర రక్షణ అడగడం లేదు. రేవును ఆపమనీ అనడం లేదు. కదలక తప్పనిదాన్ని కదిలించే ముందు కొలిచి, ఫొటో తీసి, కథ రాసుకోమంటున్నాను. కదిలించనక్కరలేనిదాన్ని నక్షాలోనే పక్కకు పెట్టమంటున్నాను.

ఇది పండితులు వచ్చి చేయవలసిన పని కాదు. ముఖలింగమే ప్రాచీన కళింగనగరమని వాదించినవారు, 1919లో శాలిహుండాన్ని లోకానికి చూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు ఆయన. ఇవాళ ప్రతి ఊళ్ళో బడి ఉంది, పంతులు ఉన్నారు, చేతిలో కెమెరా ఉన్న ఫోనూ ఉంది.

సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాల పంచాయతీలు ఒక్క గ్రామసభలో ఒక్క తీర్మానం చేస్తే చాలు. గుర్తు పేరు, సర్వే నంబరు, ఒక ఫొటో, ఎరిగిన పెద్దల మాటల్లో నాలుగు వాక్యాలు: ఇంతే ఆ పుస్తకం. ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి తహసీల్దారు కచేరీలో, ఒకటి కలెక్టరు దగ్గర ఉంచాలి. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం కిసాన్ సభ జరిగిన సంగతి ఒక పలకమీద రాయించడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు. 2018లో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఉద్దానం తోటలను నేలకూల్చింది. చెట్లను మళ్ళీ నాటుకోవచ్చు. ఎరిగిన పెద్దలు పోతే వారి మాట మళ్ళీ మొలవదు. తీర్మానానికి ఆలస్యం పనికిరాదు.