హ్యాండిల్ పట్టేస్తోందా?

మొన్న మలుపు దగ్గర మా బాబు సైకిల్ తిన్నగానే పోతానని మొరాయించింది. అదృష్టం, ఎదురుగా లారీ లేదు. మీరూ ఓసారి ముందుచక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పి చూడండి. తిన్నగా ఉన్నచోటే ఆగినట్టనిపిస్తే హెడ్‌సెట్ కప్పుల్లో గుంటలు పడ్డట్టే. గ్రీజు పెట్టినా, కొత్త బాల్సు వేసినా ఫలితముండదు. సెట్టంతా మార్చాల్సిందే.

కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. ఫోర్కు గొట్టానికి థ్రెడ్ ఉంటే సాధారణంగా 1 అంగుళం, లేకపోతే ఎక్కువగా 1-1/8 అంగుళం సైజు. ఒక అంగుళంలోనూ రెండు రకాలు: ఫోర్కు మీద కూర్చునే రింగు లోపలి కొలత కొన్నింటికి 26.4, మరికొన్నింటికి 27 మిల్లీమీటర్లు. చూపుకి తేడా తెలియదు. కానీ పెద్దది వేస్తే ఎంత బిగించినా ఊగుతుంది, చిన్నది సుత్తితో దిగ్గొడితే పగలొచ్చు. అందుకే కొలిచాకే డబ్బివ్వండి.