పాత జిగురు గీకాలి

క్రిస్మస్‌కు ఇంకా రెండు నెలలుందనగా మా జగిత్యాల సంఘంలోని యౌవనస్థులు ఆరాధనకు గిటారు కావాలన్నారు. వాళ్లలో కొందరి తల్లులు బీడీలు చుడతారు, కొందరి తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. ఇంటింటా అడిగి మూడు వేల రూపాయలు పోగుచేసి నా చేతికిచ్చారు. కోరుట్లలో ఒకాయన పాత గిటారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. గిటారు తళతళా మెరుస్తోంది. ‘ఏ లోపమూ లేదు పాస్టర్‌గారూ’ అన్నాడాయన. చీకటి పడుతోంది, బస్సు వేళయింది. సరిగా చూసుకోకుండానే కొనేశాను.

వారం తిరక్కుండా దాని సంగతి బయటపడింది. తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి చెక్క వెనకవైపు పైకి లేచింది. పక్కన అందంగా అంటించిన స్టిక్కర్ తీసి చూస్తే కింద జానెడు పగులు! యౌవనస్థులకు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. సరిగ్గా అప్పుడే సిరిసిల్లలోని ఒక చిన్న సంఘంవారు, పాత గిటారేదైనా ఉంటే చూడమని ఫోన్ చేశారు. ఆ క్షణాన నా మనసులో మెదిలిన ఆలోచనను దాచకుండా ఒప్పుకుంటున్నాను. స్టిక్కర్ మళ్లీ అంటించి, కాస్త పాలిష్ పట్టించి, అదే మూడు వేలకు ఇచ్చేద్దామనుకున్నాను. పాతికేళ్లుగా వాక్యం చెబుతున్నవాణ్ని! మోసపోయినవాడు మోసగాడు కావడానికి ఎన్నో రోజులు పట్టదు.

గిటారు తీసుకుని వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాను. రాత్రంతా మరమగ్గాల దగ్గర పనిచేసి వచ్చిన కుర్రాళ్లు నిద్రకళ్లతోనే పది, ఇరవై రూపాయల నోట్లు లెక్కబెట్టి బల్లమీద పెట్టారు. ఆ నోట్లు చూశాక నా నోట అబద్ధం రాలేదు. స్టిక్కర్ నేనే ఊడదీసి చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకడు, ‘మా గల్లీల హార్మోనియం బాగుచేసే చాచా ఉన్నడు అయ్యగారూ, సూపిద్దాం పాండ్రి’ అన్నాడు.

చాచా ముందుగా తీగలన్నీ వదులుచేశాడు. ఆరు ఉక్కు తీగలు బిగిస్తే ఆ చిన్న చెక్క మీద దాదాపు 70 కిలోల లాగుడు పడుతుంది. ఎండలో వదిలేసిన గిటారులో జిగురు మెత్తబడితే చెక్క ఆ బరువు ఆపలేదు. ‘సందులో కాస్త జిగురు పోసి నొక్కితే సరిపోదా చాచా?’ అన్నాను. ఆయన నవ్వాడు. ‘పాత జిగురు మీద కొత్త జిగురు పట్టది అయ్యగారూ. మొత్తం ఊడదీయాలె, గీకాలె. అప్పుడే అతుకు నిలుస్తది’ అన్నాడు. అలాగే చేశాడు. పగులుకు లోపలి నుంచి చిన్న చెక్కముక్కలు అతికించాడు. ‘గీత కనబడతది గని, ఇగ పగలది’ అన్నాడు. ఏడు వందలైంది. తొందరపాటు నాది కనుక ఖర్చూ నాదే అనుకున్నాను.

ఇంటికొచ్చాక ఫిలేమోను పత్రిక తెరిచాను. పారిపోయిన దాసుడైన ఒనేసిమును పౌలు తిరిగి యజమాని దగ్గరకు పంపుతున్నాడు. అతడు ఒకప్పుడు పనికిరానివాడేనని దాచకుండా రాశాడు (11వ వచనం). అతనివల్ల నష్టమేదైనా కలిగివుంటే తన లెక్కలో వేయమన్నాడు (18వ వచనం). లోపానికి స్టిక్కర్ అంటించలేదు, లోపముందని మనిషిని పారేయనూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఖర్చు తాను భరించాడు. సిలువ మీద మన ప్రభువు మనకోసం చేసింది ఇదే కదా!

మరి మన సంఘాల్లో ఏం జరుగుతోంది? పెద్దల ఇంటి కుర్రాడు తాగితే స్టిక్కర్ అంటిస్తాం. పేదింటి కుర్రాడు తాగితే పాటల బృందం నుంచి తీసేస్తాం. గల్ఫ్ నుంచి అప్పులతో తిరిగొచ్చినవాడు వెనక వరుసలో కూర్చుని మెల్లగా మాయమైపోతాడు. ఈ రెండు పద్ధతులూ క్రీస్తువి కావు. ఒప్పుకోలు లేని క్షమాపణ పాత జిగురు మీద పోసిన కొత్త జిగురు. ఖర్చు పెట్టని గద్దింపు మరమ్మతు కాదు, విరగ్గొట్టడమే.

‘సైలెంట్ నైట్’ పాటను 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో మొదటిసారి పాడింది గిటారుతోనే. ఆ చర్చి ఆర్గన్ బాగుచేయడానికి వచ్చిన కార్ల్ మౌరాహర్ ఆ పాటను తన ప్రాంతానికి మోసుకెళ్లాడు. అక్కడి గాయకుల ద్వారా అది లోకమంతా వ్యాపించింది. మరమ్మతుకు వచ్చినవాడే సువార్తను మోసినవాడయ్యాడు!

జగిత్యాల వచ్చి మా యౌవనస్థులకు జరిగిందంతా చెప్పాను. ఆ గిటారే ఇప్పుడు మా ఆరాధనలో మోగుతోంది, గీత కనబడుతూనే. సిరిసిల్ల పిల్లలు ఆ రోజు నన్ను బస్సెక్కిస్తూ, ‘అయ్యగారూ, మాకొక గిటారు మీరే చూసి కొనుండ్రి’ అంటూ ఆ నోట్లన్నీ నా చేతిలో పెట్టారు. లోపం చూపించాకే వాళ్లు నన్ను నమ్మారు.