ఖాళీ కుంట వృథా కాదు

వేసవిలో ఎండిన కుంటను చూసి "ఉత్త బీడు, పూడ్చేస్తే పోలా!" అనేవారున్నారు. అది పొరపాటు. లెక్క వేసి చూడండి: 10 హెక్టార్ల నేలపై 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్ల నీరు! నేలలో ఇంకగా మిగిలినది పల్లానికి పరుగెడుతుంది. కుంట దానిని పట్టి ఉంచి, తూము గుండా మెల్లగా వదులుతుంది. అందువల్ల వరద ఉధృతి తగ్గుతుంది.

అయితే మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే కట్ట కోసుకుపోతుంది. అందుకే కట్టకన్న తక్కువ ఎత్తులో రాతి అలుగు కడతారు. 2020 అక్టోబరులో హైదరాబాదులో చెరువుకట్టలు తెగి కాలనీలు మునిగాయి. కుంటను పూడ్చినా, అలుగును మూసినా వాన ఆగదు. నీరే మన ఇళ్ళకు వస్తుంది. మీ ఊరి అలుగుకు ముళ్ళకంప, చెత్త అడ్డుపడ్డాయా? వానలకు ముందే పెద్దలకు చెప్పండి.