నవోదయకి నాలుగో క్లాసు నుంచేనా?

మా పాపకి తొమ్మిదేళ్ళు. నవోదయ కోచింగ్‌లో ఇప్పుడే చేర్చకపోతే లేటైపోతుందట! డబ్బుతో పనిలేకుండా పల్లె పిల్లలకి మంచి చదువు అందాలని పెట్టిన బళ్ళవి. పరీక్షలో 80 ప్రశ్నలు, సగం బొమ్మలవే. చూసి ఆలోచించాల్సిన ఆ బొమ్మలకీ షార్ట్‌కట్లు బట్టీ పట్టిస్తున్నాం. ఫీజు కట్టగలిగిన నాలాంటివాళ్ళ పిల్లలు ముందుకి తోసుకొస్తే, వెనక్కి పోయేది ఎవరి పిల్లలు? కూలికెళ్ళేవాళ్ళ పిల్లలే కదా.

‘అందరూ పంపిస్తుంటే నువ్వొక్కడివి ఆగితే ఏమవుతుంది?’ అంటారు. ఏమీ కాదు, నిజమే. అయినా పంపను. పాత పేపర్లు రెండు ఇంట్లోనే చేయిస్తాను, పరీక్ష రాయిస్తాను. సాయంత్రాలు మాత్రం దాని ఆటలవే. సీటు రాకపోతే మా ఊరి బడే. అక్కడ టీచర్లు ఎందుకు లేరని అప్పుడైనా గట్టిగా అడుగుతాను.