రోజంతా నిలబడే ఉద్యోగాలా? పాదాలు చెప్పేది వినండి.. కుర్చీ అడగడం మీ హక్కే!

చిల్లకూరు: పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటోందా? సాయంత్రానికి చెప్పుల వారు చర్మంలోకి దిగి గుర్తు పడుతోందా? పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి కనిపిస్తున్నాయా? వీటిని వయసు మీద పడుతోందనో, నీరసం అనో కొట్టిపారేయకండి. రోజుకు ఎనిమిది, పది గంటలు నిలబడి పనిచేసే వాళ్ల కాళ్లు ముందుగా చేసే హెచ్చరికలు ఇవే.

నెల్లూరు తీరంలో ఇలాంటి పనులకు కొదవ లేదు. చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్వకాలు, తీరం పొడవునా రొయ్యల చెరువులు, ప్రాసెసింగ్ షెడ్లు ఉన్నాయి. చెన్నై - కోల్‌కతా హైవే వెంట పెట్రోల్ బంకులు, హోటళ్లు.. పక్కనే గూడూరులో బట్టల షాపులు. దక్షిణంగా తడ, శ్రీసిటీ వైపు వెళ్తే వేల మంది మహిళలు పనిచేసే ఫ్యాక్టరీలు. వీటికి తోడు కృష్ణపట్నం పారిశ్రామిక నగరం 'క్రిస్ సిటీ'కి ప్రధాని మోదీ 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. అంటే రేపు ఈ ప్రాంతంలో నిలబడి పనిచేసే కాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. మరి ఆ కాళ్ల సంగతి ఎవరు చూస్తున్నారు?

పని గంటలు పెరిగాయి.. కాళ్లు మాత్రం అవే

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే.. ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని ఏపీ కేబినెట్ 2025 జూన్‌లో నిర్ణయించింది. సెప్టెంబర్‌లో అసెంబ్లీ ఆ సవరణ బిల్లును ఆమోదించింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. కానీ విరామం లేకుండా ఏకబిగిన పనిచేయించే సమయం 5 గంటల నుంచి 6 గంటలకు పెరిగింది. పరిశ్రమలు రావాలంటే ఈ వెసులుబాటు తప్పదన్నది ప్రభుత్వ వాదన. కార్మిక సంఘాలు మాత్రం వ్యతిరేకించాయి.

ఈ చర్చంతా జీతం, ఓవర్‌టైమ్ చుట్టూనే తిరిగింది. ఏసీ గదిలో కుర్చీలో కూర్చునే వాళ్లకు ఒక గంట పెరగడం వేరు, సిమెంట్ నేల మీద నిలబడే వాళ్లకు పెరగడం వేరు. ఈ తేడా గురించి మాట్లాడిన వాళ్లు తక్కువ.

అసలు కాలులో ఏం జరుగుతుంది?

మనం నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి వదులవుతూ, కాళ్లలోని రక్తాన్ని పైకి, గుండె వైపు నెడతాయి. అందుకే పిక్కను 'రెండో గుండె' అంటారు. కదలకుండా నిలబడితే ఈ పంపు ఆగిపోతుంది. రక్తం కిందే నిలిచి, సిరల్లోని కవాటాల మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే కవాటాలు వదులై సిరలు ఉబ్బుతాయి. అదే వెరికోస్ వెయిన్స్. గర్భిణులకు, బరువు ఎక్కువున్న వాళ్లకు ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ.

ఇక మడమ నొప్పి. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఒక గట్టి పొర ఉంటుంది. గట్టి నేల మీద, అరిగిపోయిన చెప్పులతో గంటల కొద్దీ నిలబడితే ఆ పొర దెబ్బతింటుంది. రాత్రంతా బిగుసుకున్న పొర తెల్లారి మొదటి అడుగుకే సాగుతుంది కాబట్టి అప్పుడే ప్రాణం పోయినంత నొప్పి.

ఇది కాళ్లతో ఆగే సమస్య కాదు. పని సమయంలో ముప్పావు వంతు నిలబడో, నడుస్తూనో గడిపే వాళ్లు వెరికోస్ వెయిన్స్‌తో ఆసుపత్రిలో చేరే అవకాశం ఎక్కువని డెన్మార్క్‌లో 12 ఏళ్ల పాటు సాగిన అధ్యయనం తేల్చింది. కెనడాలోని ఒంటారియోలో 7 వేల మందికి పైగా కార్మికులను 12 ఏళ్లు గమనిస్తే, ఎక్కువగా నిలబడే ఉద్యోగాల్లో ఉన్న వాళ్లకు గుండె జబ్బు ముప్పు, కూర్చుని చేసే వాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు కనిపించింది.

రొయ్యల షెడ్లలో ఇంకో తిప్పలు కూడా ఉంది. కింద ఎప్పుడూ తడి, కాళ్లకు గమ్‌బూట్లు. లోపల చెమట ఆరదు. వేళ్ల సందులు తెల్లగా నాని, పాచిపోయి, దురద మొదలవుతుంది. షుగర్ ఉన్న వాళ్లకైతే అరికాలికి స్పర్శ తగ్గిపోయి గాయమైనా తెలియదు. చిన్న పుండే వేలు తీసేసే దాకా తీసుకెళ్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

కూర్చునే హక్కు కొత్తదేం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షనే, నిలబడి పనిచేసే వాళ్లకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. అయితే అది ఫ్యాక్టరీలకే. బట్టల షాపు సేల్స్‌గర్ల్‌కు వర్తించదు. కోజికోడ్‌లో షాపుల్లో పనిచేసే మహిళలు ఏళ్ల తరబడి పోరాడితే కేరళ 2018లో షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. చిల్లకూరులో హైవే ఎక్కి తడ దాటితే వచ్చేది ఆ తమిళనాడే.

2025 నవంబర్ 21 నుంచి దేశవ్యాప్తంగా అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా నిలబడి పనిచేయాల్సిన వాళ్లకు కూర్చునే ఏర్పాటు చేయాలంటోంది. సాధారణంగా 10 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. పెద్ద షోరూమ్ దీని కిందికి వస్తుంది. మరి నలుగురైదుగురు పనిచేసే బజారు షాపు? అక్కడే పెద్ద ఖాళీ ఉంది. పని గంటల కోసం చట్టాలు సవరించిన రాష్ట్ర ప్రభుత్వం, కేరళ లాగా ఒక్క కుర్చీ నిబంధన కూడా చేరిస్తే ఖజానాకు పడే భారం సున్నా.

అసలు అడ్డంకి డబ్బు కాదు. 'కూర్చుంటే బద్ధకం.. కస్టమర్‌కు మర్యాద తక్కువ' అన్న ఆలోచనే. కానీ కాళ్ల నొప్పితో నెలకు రెండు మూడు రోజులు సెలవు పెట్టే మనిషి, మధ్యమధ్యలో ఐదు నిమిషాలు కూర్చునే మనిషి.. ఈ ఇద్దరిలో ఎవరు నష్టమో లెక్క వేసుకోవాల్సింది యజమానే.

ఈలోగా మనం ఏం చేయొచ్చు?

* నిలబడ్డ చోటే అరగంటకోసారి మునివేళ్ల మీద పదిహేను ఇరవై సార్లు లేచి దిగండి. పిక్క పంపు మళ్లీ పనిచేస్తుంది.
* చిన్న పీట దగ్గర పెట్టుకుని ఒక్కో కాలు మార్చి మార్చి ఆనించండి. సిమెంట్ నేల మీద రబ్బరు మ్యాట్ వేయించమని అడగండి.
* చెప్పులు సాయంత్రం పూట కొనండి. పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి అసలు సైజు తెలుస్తుంది. మడమ దగ్గర అరిగిన జత మార్చేయండి. షుగర్ ఉన్న వాళ్లు డాక్టర్‌ను అడిగి ఎంసీఆర్ చెప్పులు వాడటం మేలు.
* మంచం దిగే ముందే తువ్వాలును మునిపాదానికి తగిలించి నెమ్మదిగా మీ వైపు లాగండి.
* ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో పావుగంట పెట్టండి.
* బిగుతు స్టాకింగ్స్ సొంతంగా కొనొద్దు. రక్తనాళాలు మూసుకుపోయిన వాళ్లకు అవి ప్రమాదం.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పి పెట్టినా.. చీలమండ దగ్గర చర్మం నల్లబడినా.. పుండు రెండు వారాలకూ మానకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కాలు వాపుతో పాటు ఆయాసం వస్తే అది ఎమర్జెన్సీ. షుగర్ ఉంటే చిన్న గాయానికైనా రెండు వారాలు ఆగొద్దు.

పరిశ్రమలు రావాలి, ఉద్యోగాలు రావాలి. అందులో ఎవరికీ రెండో మాట లేదు. అయితే పాతికేళ్ల వయసులో చేరిన అమ్మాయి నలభై ఏళ్లకు నడవలేని స్థితిలో ఇల్లు చేరితే, ఆ జీతంలో సగం మందులకే పోతుంది. లేబర్ ఆఫీసర్ తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు కుర్చీలు కూడా లెక్కపెడితే చాలు.. సగం సమస్య అక్కడే తీరుతుంది.