చిప్ టైమింగ్: సెకన్లు లెక్కపెట్టేది యంత్రమైతే.. వలంటీర్లకు ఇక పనేంటి?

7 నిమిషాల 15 సెకన్లు. పోలీసు కొలువు కోసం తయారవుతున్న కుర్రాడిని నిద్రలో లేపి అడిగినా చెప్పే లెక్క ఇది. 2022 డిసెంబరులో తెలంగాణ పోలీసు నియామక మండలి దేహదారుఢ్య పరీక్షలు మొదలుపెట్టినప్పుడు పురుషులకు 1600 మీటర్ల పరుగుకు ఇచ్చిన గడువు అది. మహిళలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు. ఆ పరీక్షలు జరిగిన కేంద్రాల్లో నిజామాబాద్ కూడా ఉంది. పరుగు సమయాన్ని నమోదు చేయడానికి ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్‌లు వాడారు.

అలాంటి చిప్ టైమింగ్ ముందుగా మోటారు రేసుల్లో వాడకంలోకి వచ్చింది. తర్వాత మారథాన్‌లకు, అక్కడి నుంచి ఉద్యోగ పరీక్షల మైదానాలకు పాకింది. ఇప్పుడు ఔత్సాహికులు సొంతంగా నడుపుకొనే చిన్న కారు ర్యాలీలు, బైక్ పోటీలు, 5కె పరుగులు కూడా స్టాప్‌వాచ్ వదిలి దీనివైపు మళ్లుతున్నాయి. వీటిని నడిపేది ఎక్కువగా జీతం లేని వలంటీర్లే.

యంత్రం వచ్చాక మనుషులతో పని తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ పని తగ్గదు, మారుతుంది. ఆ మార్పు అర్థం కాని చోట ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం తప్పుతుంది. ఎడపల్లి నుంచి నిజామాబాద్‌కు పరుగు పరీక్షకు వెళ్లే అభ్యర్థులకైనా, రేపు మండలంలో ఒక పోటీ పెట్టాలనుకునే యువజన సంఘానికైనా తెలిసి ఉండాల్సిన సంగతులివి.

స్టాప్‌వాచ్‌తో వచ్చిన చిక్కేంటి?

కంటితో చూసి వేలితో బటన్ నొక్కడానికి మనిషికి కొంత సమయం పడుతుంది. అందరికీ అది ఒకేలా ఉండదు. అందుకే అథ్లెటిక్స్‌లో చేతి వాచీల సమయాన్ని యాంత్రిక సమయంతో పోల్చాల్సి వస్తే, 100, 200 మీటర్ల పరుగులకు 0.24 సెకను కలిపి చూడటం వాడుకలో ఉంది.

అయిదో వంతు సెకను తేడా అంటే ఎంత? 1600 మీటర్లను సరిగ్గా గడువులో పూర్తిచేసే అభ్యర్థి సగటున సెకనుకు 3.7 మీటర్లు పరుగెత్తుతాడు. అయిదో వంతు సెకనులో అతను ముప్పావు మీటరు కదులుతాడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైక్ అదే సమయంలో అయిదున్నర మీటర్లు దాటిపోతుంది. అంటే రెండు బైక్‌ల పొడవు కంటే ఎక్కువ. పరుగులో సర్దుకుపోగల తేడా రేసులో గెలుపోటములను తారుమారు చేస్తుంది.

ఇంత సన్నని తేడాలు నిజంగా వస్తాయా అంటే, వస్తాయి. 1984 లాస్‌ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉష కాంస్యం కోల్పోయింది సెకనులో వందో వంతు తేడాతోనే. 1997లో స్పెయిన్‌లోని హెరెస్‌లో జరిగిన ఫార్ములా వన్ అర్హత పోటీలోనైతే విల్నెవ్, షుమాకర్, ఫ్రెంట్‌జెన్ ముగ్గురూ 1 నిమిషం 21.072 సెకన్లలోనే ల్యాప్ పూర్తి చేశారు. సెకనులో వెయ్యో వంతు వరకు తేడా లేదు. దాంతో ఆ సమయాన్ని ముందుగా నమోదు చేసిన విల్నెవ్‌కు మొదటి స్థానం ఇచ్చారు.

చిప్ ఎలా పనిచేస్తుంది?

రేసు వాహనానికి ట్రాన్స్‌పాండర్ అనే చిన్న పరికరం బిగిస్తారు. ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది. ముగింపు గీత దగ్గర ట్రాక్‌లో సన్నని తీగను చుట్టలా పరుస్తారు. వాహనం దాని మీదుగా వెళ్లినప్పుడు ట్రాన్స్‌పాండర్ సంకేతం ఆ తీగకు అందుతుంది. పక్కన ఉండే డీకోడర్ అనే పెట్టె, ఏ నంబరు ఏ క్షణంలో దాటిందో రాసుకుంటుంది. ల్యాప్‌లు కూడా అదే లెక్కపెడుతుంది.

పరుగు పోటీల్లో వాడేవి ఇంకా చిన్నవి. వాటిలో బ్యాటరీ ఉండదు. నేల మీద పరిచిన మ్యాట్ లేదా పక్కన నిలబెట్టిన యాంటెన్నా పంపే తరంగాలతోనే అవి పలుకుతాయి. బిబ్ వెనుకో, బూటు లేసుకో కడతారు. బోస్టన్ మారథాన్‌లో చిప్‌లు 1996లో వచ్చాయి. ఇప్పుడు మన నగరాల్లో జరిగే పెద్ద పరుగుల్లో ఇవి మామూలే.

ఇక్కడ రెండు రకాల సమయాలు ఉంటాయి. తుపాకీ లేదా విజిల్ మోగినప్పటి నుంచి లెక్కించేది ఒకటి. చిప్ ప్రారంభ గీతను దాటినప్పటి నుంచి లెక్కించేది రెండోది. గుంపులో వెనుక నిలబడ్డవారికి ఈ రెండింటికీ కొన్ని సెకన్ల తేడా రావచ్చు. ఏది లెక్కలోకి తీసుకుంటారో పోటీకి ముందే ప్రకటించాలి, పాల్గొనేవారూ ముందే అడగాలి.

మరి యంత్రం తప్పు చేయదా?

బోధన్ ప్రాంత రైతుకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరులో మూతపడే దాకా శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలినవాళ్లకు కాటా అంటే ఏమిటో తెలుసు. కాటా బరువు సరిగ్గానే చూపించవచ్చు. కానీ ఆ బరువు ఎవరి పేరు మీద రాశారు, ఖాళీ బండి బరువు ఎంత తీశారు అన్నవి మనుషులు చేసే పనులు. చిప్ కూడా అంతే. ఫలానా నంబరు ఫలానా క్షణంలో గీత దాటిందని మాత్రమే దానికి తెలుసు. దాన్ని మోస్తున్నది ఎవరో తెలియదు.

అందుకే తప్పులు తరచూ గీత దగ్గర కాదు, బల్ల దగ్గర పుడతాయి. రమేశ్‌కు ఇవ్వాల్సిన చిప్ సురేశ్‌కు ఇస్తే యంత్రం సురేశ్ సమయాన్ని రమేశ్ ఖాతాలో వేస్తుంది. బైక్ చెడిపోయి ఇంకొకరి బైక్ మీద బరిలోకి దిగితే పాత చిప్ పేరే కనిపిస్తుంది. రేసు ముగించినవారు బండిని తీగ పక్కనే ఆపితే అక్కరలేని నమోదులు పడతాయి. పరుగులో గీత దాటాక వెనక్కి తిరిగి మళ్లీ మ్యాట్ మీదకు వచ్చినా అంతే. బ్యాటరీ అయిపోయిన ట్రాన్స్‌పాండర్ అసలు పలకదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. క్షణాన్ని పట్టుకోవడంలో మనిషి బలహీనుడు, యంత్రం దిట్ట. ఎవరి వెనుక ఎవరు వచ్చారో గుర్తించడంలో మాత్రం కళ్లు చాలా నమ్మకమైనవి. ఈ రెండింటినీ కలిపి వాడుకోవడమే మంచి టైమింగ్ అంటే.

వలంటీర్లు ఏం చేయాలి?

స్టాప్‌వాచ్ పట్టుకున్న నలుగురిని ఇంటికి పంపకూడదు. వాళ్లకు కొత్త పనులు అప్పగించాలి.

మొదటిది చిప్‌ల బల్ల. ఒకరు నంబరు పైకి చదవాలి, ఇంకొకరు జాబితాలో సరిచూడాలి. పోటీదారు తన పేరు పక్కన చిప్ నంబరు చూసి సంతకం పెట్టాలి. పోటీకి ముందు ప్రతి చిప్‌నూ ఒకసారి గీత దాటించి తెర మీద సరైన పేరు వస్తోందో లేదో చూడాలి.

రెండోది వరుస రాసే కాగితం. ముగింపు గీతకు ఎదురుగా ఇద్దరు కూర్చుని, వచ్చిన నంబర్లను వచ్చిన వరుసలో రాయాలి. ఒకరు చదివితే ఒకరు రాయాలి. సమయం రాయకపోయినా ఫరవాలేదు. చిప్ పలకని పోటీదారు ఎవరి మధ్య వచ్చాడో ఈ కాగితమే చెబుతుంది. గీత మీదకు గురిపెట్టి స్టాండ్ మీద ఉంచిన ఒక ఫోన్ కెమెరా ఆ కాగితానికి తోడు.

మూడోది గడియారం. ప్రారంభం ఒక చోట, ముగింపు ఇంకో చోట ఉంటే రెండు యంత్రాల్లోనూ ఒకే సమయం ఉండాలి. జీపీఎస్ సమయంతో రెండింటినీ కలపడం తేలిక. పోటీ మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి సరిచూసుకోవాలి.

నాలుగోది కరెంటు. డీకోడర్, ల్యాప్‌టాప్ రెండూ బ్యాటరీ మీద నడిచేలా చూసుకోవాలి. ఫలితాలు ఫోన్లకు పంపడానికి ఇంటర్నెట్ కావాలేమో కానీ సమయం నమోదు కావడానికి అది ఆధారం కాకూడదు.

సమయం లెక్కే భద్రత లెక్క

కారు ర్యాలీలో కార్లన్నీ ఒకేసారి బయలుదేరవు. నిర్ణీత వ్యవధిలో ఒకదాని వెనుక ఒకటి వదులుతారు. బయలుదేరిన నంబర్లను ప్రారంభం దగ్గర, చేరిన నంబర్లను ముగింపు దగ్గర వలంటీర్లు రాసుకుంటూ రేడియోలో చెప్పుకుంటారు. వెనుక వదిలిన కారు వచ్చేసి ముందు కారు రాలేదంటే దారిలో ఏదో జరిగిందని అర్థం. అంబులెన్స్ కదలాల్సింది అప్పుడే.

యంత్రం రాని కారు గురించి తనంతట తాను కేక వేయదు. వచ్చిన వాటినే చూపిస్తుంది. చిప్ టైమింగ్‌కు మారిన కొత్తలో వలంటీర్లంతా తెర చుట్టూ చేరితే ఈ రెండు జాబితాల పోలిక మరుగున పడుతుంది. పోటీ ఎంత చిన్నదైనా రానివారిని లెక్కపెట్టే పని ఒక్కరికి ప్రత్యేకంగా అప్పగించాలి. పల్లె రోడ్ల మీద పెట్టే పరుగులకూ, సైకిల్ పోటీలకూ ఇదే వర్తిస్తుంది.

రోడ్డు మీద బైక్ రేసు పెట్టొచ్చా?

ఎంత మంచి టైమింగ్ యంత్రం తెచ్చినా, అనుమతి లేకుండా పెట్టకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహన రేసులు, వేగ పరీక్షలు జరపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే 3 నెలల వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా లేదా రెండూ.

నిజామాబాద్-బోధన్ రోడ్డు మీద స్నేహితులు స్టాప్‌వాచ్ పెట్టుకుని చూసుకునే పందెం కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. నిబంధనల ప్రకారం పోటీ పెట్టాలంటే దేశంలో మోటారు క్రీడలకు గుర్తింపు పొందిన సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ. ఆ సమాఖ్య కింది క్లబ్‌ల ద్వారా వెళ్లడం సరైన దారి. వలంటీరుగా పనిచేయాలనుకునేవారికీ మొదటి మెట్టు ఆ క్లబ్‌లే.

ఫలితంపై అభ్యంతరం ఉంటే?

గీత దాటిన వరుసే తుది ఫలితం కాకపోవచ్చు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసులో వెర్న్ గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన బ్యూమీకి, అనుమతించిన దానికంటే ఎక్కువ శక్తి వాడినందుకు రేసు తర్వాత జరిమానా పడింది. మూడో స్థానం డా కోస్టాకు దక్కింది. అలా మార్చగలిగారంటే, నమోదైన వివరాలు చేతిలో ఉండటం వల్లే.

అంతర్జాతీయ మోటారు క్రీడల నియమావళిలో ఇందుకు ఒక పద్ధతి ఉంది. ముందు తాత్కాలిక ఫలితం ప్రకటిస్తారు. సాధారణంగా 30 నిమిషాల్లోపు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ తర్వాతే తుది ఫలితం. మండల స్థాయి పోటీకి కూడా ఇది పనికొస్తుంది. బహుమతుల పంపిణీకి అతిథి తొందరపెడుతున్నా అరగంట ఆగడం మంచిది. చేతికిచ్చిన కప్పు వెనక్కి తీసుకోవడం కంటే అది తేలిక.

ఉద్యోగ పరీక్షకు వెళ్లేవారికి..

ఊళ్లో సాధన చేసేటప్పుడు వచ్చే సమయాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఫోన్ జీపీఎస్‌తో కొలిచిన 1600 మీటర్లు అటూ ఇటూ కావచ్చు. మైదానాన్ని టేపుతో కొలుచుకోవాలి. 200 మీటర్ల మైదానమైతే 8 చుట్లు తిరగాలి కాబట్టి లెక్క తప్పకుండా ఒకరిని పక్కన నిలబెట్టాలి.

వాచీ పట్టుకున్నవారు విజిల్ శబ్దం విని కాకుండా జెండా కదలిక చూసి బటన్ నొక్కాలి. 100 మీటర్ల దూరం నుంచి శబ్దం చేరడానికే సుమారు 0.3 సెకను పడుతుంది. వీలైతే మూడు వాచీలు పెట్టండి. రెండు ఒకే సమయం చూపిస్తే అది, మూడూ వేర్వేరుగా ఉంటే మధ్యది తీసుకోవాలి. రెండే వాచీలుండి తేడా వస్తే ఎక్కువ చూపించినదే లెక్క. అథ్లెటిక్స్ నిబంధన ఇదే. సాధనలో గడువు కంటే కనీసం 10 సెకన్లు ముందుగా పూర్తి చేయగలిగితే పరీక్ష రోజు చిన్న తేడాలకు భయపడక్కర్లేదు.

పరీక్ష రోజు మీకిచ్చిన చిప్ నంబరు, మీ నంబరు సరిపోయాయో లేదో చూసుకోండి. కట్టమన్న చోటే కట్టుకోండి, మధ్యలో ముట్టుకోవద్దు. ప్రారంభ, ముగింపు మ్యాట్‌ల మీదుగానే వెళ్లండి. గీత దాటాక వెనక్కి రావద్దు. సమయం చూసుకున్నాకే సంతకం పెట్టండి. అనుమానం ఉంటే మైదానం దాటకముందే, అక్కడున్న అధికారికే చెప్పండి. వరుస కాగితం, వీడియో, చిప్ నమోదు మూడూ ఒకే చోట ఉండేది అప్పుడే. కాటా చీటీ చూసుకోకుండా బండి తోలుకుపోయిన రైతు మర్నాడు వచ్చి అడిగితే ఏం జవాబు వస్తుందో మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే.